ఒక్క అక్షరంపై నడిచిన వాదం: జపాను ప్రాచీన చరిత్ర గ్రంథాల పరిశీలన

పరిశోధన వ్యాసమంటే నాలుగు పుస్తకాలలోని మాటలను ఐదవ చోట కూర్చడమే అన్న అభిప్రాయం మన విద్యార్థులలో గట్టిగా నాటుకొని ఉన్నది. ఇందుకు వారిని తప్పుపట్టవలసిన పని లేదు. పరీక్షా పద్ధతి వారికి నేర్పినది అదే. చరిత్ర శాస్త్రంలో స్వతంత్రమైన వాదం ఎట్లా పుడుతుంది, ఎట్లా పెరుగుతుంది, ఆక్షేపణలకు ఎట్లా తట్టుకొంటుంది అన్న విషయాన్ని ఒక ఉదాహరణ ద్వారా చూపదలచి మేము ఈ వ్యాసానికి పూనుకొన్నాము. ఎన్నుకొన్న ఉదాహరణ జపాను దేశానిది. మన సొంత చరిత్రలోని వివాదాలను ముట్టుకొంటే వాదం కంటె ముందు అభిమానాలు నిద్రలేస్తాయి. దూరదేశపు తగవులో ఎవరు నెగ్గినా మనకు నష్టం లేదు కనుక వాదపు నడకను నిదానంగా చూడగలుగుతాము.

జపాను మన కళాశాల పాఠకులకు బొత్తిగా పరాయి విషయం కూడా కాదు. 1918లో ఉర్దూ బోధనా భాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసిన కొద్దికాలానికి, హైదరాబాదు సంస్థానపు విద్యాశాఖాధిపతి సయ్యద్ రాస్ మసూద్ 1922లో జపానుకు వెళ్లి అక్కడి విద్యావిధానాన్ని పరిశీలించినారు. ఆ పరిశీలన 1923లో గ్రంథరూపంలో వెలువడినది. పాశ్చాత్య శాస్త్రాలను స్వభాషలో బోధించి నెగ్గిన దేశంగా జపాను ఆయన దృష్టికి వచ్చినది. అదే జపాను పన్నెండు వందల ఏండ్లకు పూర్వం తన మొదటి చరిత్రను వ్రాసుకొనబోయినప్పుడు సొంత లిపి లేక చీనా అక్షరాలను ఆశ్రయించవలసి వచ్చినది. మేము చెప్పబోయే కథకు మూలం అక్కడనే ఉన్నది.

జపానులో నేటికి మిగిలిన అతి ప్రాచీన చరిత్ర గ్రంథాలు రెండు. మొదటిది 'కోజికి', 712లో ఓ నో యసుమారో అనే పండితుడు గెన్మేయ్ సామ్రాజ్ఞికి సమర్పించినది, మూడు సంపుటాలు. రెండవది 'నిహోన్ షోకి', 720లో తొనేరి రాజకుమారుని ఆధ్వర్యంలో పూర్తియైనది, ముప్పది సంపుటాలు. మొదటిది చీనా అక్షరాలతోనే ఐనా జపాను పలుకుబడిని నిలుపుకొనడానికి పెనుగులాడుతుంది. రెండవది శుద్ధమైన చీనా కావ్యభాషలో, చీనా రాజవంశ చరిత్రల ఫక్కీలో, సంవత్సరం, నెల, దినం వేసి వ్రాసినది. ఇంట ఒక భాష మాట్లాడుతూ ఆస్థానంలో మరొక భాషలో చరిత్ర వ్రాయడం ఫారసీ తవారీఖులను ఎరిగిన దక్కను వారికి వింతగా తోచదు.

ఎనిమిది ఏండ్ల వ్యవధిలో ఒకే రాజవంశం రెండు చరిత్రలు ఎందుకు వ్రాయించినది? ఈ ప్రశ్న అందరికీ తోచేదే. 'కోజికి' స్వజనుల కొరకు, 'నిహోన్ షోకి' పరదేశీయుల కొరకు అని అందరూ చెప్పే సమాధానం కూడా ఉన్నది. ఇటువంటి పెద్ద ప్రశ్నతో ఆరంభించడమే విద్యార్థి చేసే మొదటి పొరపాటని మా అభిప్రాయం. పెద్ద ప్రశ్నకు ఏ సమాధానం చెప్పినా చెల్లుతుంది. కాదని నిరూపించే సాక్ష్యం దొరకదు. కాదని నిరూపించడానికి వీలులేని మాట వాదం కాదు, అభిప్రాయం మాత్రమే.

ఈ గ్రంథాలను ప్రశ్నించడం ఒకప్పుడు ఎంత ప్రమాదకరమో ముందుగా చెప్పవలసి ఉన్నది. పదునెనిమిదవ శతాబ్దిలో మోతోఓరి నోరినాగా అనే మహాపండితుడు 'కోజికి'కి 44 సంపుటాల వ్యాఖ్య వ్రాసినాడు. 1764లో మొదలుపెట్టి 1798లో ముగించినాడు. ప్రతి పదం ఉచ్చారణను అతడు పట్టిపట్టి నిర్ణయించినాడు; ఐతే గ్రంథం చెప్పిన కథను మాత్రం శంకించలేదు. దానిని శాస్త్రదృష్టితో శంకించినవారు వసేదా విశ్వవిద్యాలయ ఆచార్యులు త్సుదా సోకిచి. దేవతాయుగపు గాథలు, తొలి చక్రవర్తుల వృత్తాంతాలు జరిగిన సంగతుల నమోదు కావనీ, తరువాతి కాలపు ఆస్థానం తన అధికారాన్ని సమర్థించుకొనడానికి కూర్చుకొన్న కథనాలనీ ఆయన 1910ల నుండి వ్రాస్తూ వచ్చినారు.

1940వ సంవత్సరం వచ్చినది. మొదటి చక్రవర్తి జిమ్ము పట్టాభిషేకం జరిగి 2600 ఏండ్లు నిండినవని జపాను ప్రభుత్వం దేశమంతటా ఉత్సవాలు తలపెట్టిన ఏడు అది. క్రీస్తుపూర్వం 660 అన్న ఆ తేదీ 'నిహోన్ షోకి'లోనిదే. దాని పుట్టుకను గురించి నాకా మిచియో అనే పండితుడు పందొమ్మిదవ శతాబ్దిలోనే చక్కని వివరణ ఇచ్చి ఉన్నాడు. మనకు ప్రభవ, విభవ అని అరువదేండ్ల చక్రం ఉన్నట్లే చీనా, జపానులకు కూడా అరువదేండ్ల చక్రం ఉన్నది. ఇరువదియొక్క చక్రాలు, అనగా 1260 ఏండ్లు గడిచినప్పుడు మహాపరివర్తనం వస్తుందని ఒక చీనా విశ్వాసం. 601వ సంవత్సరం నుండి 1260 ఏండ్లు వెనుకకు లెక్కించితే సరిగా క్రీస్తుపూర్వం 660 వస్తుంది. అనగా ఆ తేదీ గుర్తుపెట్టుకొన్నది కాదు, లెక్కవేసినది. (క్రీస్తుశకానికి సున్నా సంవత్సరం లేదు కనుక 660కి 601 కలిపి ఒకటి తీసివేయాలి. విద్యార్థులు కాగితంపై చేసి చూడవచ్చును.)

ఉత్సవాల సంవత్సరంలో ఇటువంటి మాటలు ఎవరికి రుచిస్తాయి? త్సుదాగారు ఆచార్య పదవిని వదలుకొనవలసి వచ్చినది. ఆయన గ్రంథాలు నాలుగింటిని నిషేధించినారు. ఆయనపైనా, ప్రచురణకర్త ఇవనామి షిగెఓపైనా రాజకుటుంబ గౌరవానికి భంగం కలిగించినారని నేరం మోపినారు. 1942లో త్సుదాగారికి మూడు నెలల శిక్ష పడినది. ఐతే అమలు నిలిపివేసినారు. 1944లో కాలపరిమితి దాటినదన్న కారణంతో కేసు కొట్టివేయబడినది. యుద్ధానంతరం 1946లో ఆయనను వీరునిగా మోయడానికి సిద్ధపడినవారికి మరొక ఆశ్చర్యం కలిగినది. చక్రవర్తి పీఠం కొనసాగాలని కోరుతూ ఆయన వ్యాసం వ్రాసినారు! గ్రంథం చెప్పిన కథ నిజం కాదనడం వేరు, ఆ సంస్థ అక్కరలేదనడం వేరు అన్నది ఆయన మతం. ఈ రెంటినీ కలిపి చూచినవారు ఇరుపక్షాలలోనూ ఉన్నారు.

ఇక అసలు ఉదాహరణకు వస్తాము. 645లో జపాను రాజభవనంలో ఒక హత్య జరిగినది. రాజ్యాన్ని గుప్పిట పట్టిన సోగా వంశపు ఇరుకాను నకా నో ఓఎ అనే రాజకుమారుడు, నకతోమి నో కమతరి అనే అమాత్యుడు కూడి చంపించినారు. మరుసటి ఏడు, అనగా తైకా శకం 2వ సంవత్సరం, 646 నూతన సంవత్సర దినాన, కొత్త చక్రవర్తి నాలుగు అంశాల శాసనం ప్రకటించినాడని 'నిహోన్ షోకి' చెబుతున్నది. ప్రభువంశాల సొంత భూములు, సొంత ప్రజలు ఇకమీదట లేవు. దేశం రాష్ట్రాలుగా, జిల్లాలుగా విభక్తం. జనాభా పట్టికలు తయారు చేసి పొలాలు పంచాలి. పన్నులు ఇట్లా వసూలు చేయాలి. ఇదే 'తైకా సంస్కరణ'. జపాను కేంద్రీకృత రాజ్యానికి పునాది ఈ శాసనమేనని పాఠ్యపుస్తకాలు తరతరాలుగా బోధించినవి. టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యులు సకమోతో తారో 1938లో ఈ సంస్కరణపై ప్రామాణిక గ్రంథం ప్రచురించినారు. శాసనం మౌలికంగా విశ్వసనీయమన్నదే వారి నిర్ణయం.

సకమోతోగారి శిష్యులలో ఇనౌయె మిత్సుసాదా ఒకరు. 1951లో, ముప్పదియైదేండ్లైనా నిండని ఈ శిష్యుడు చరిత్ర పరిషత్తు సభలో లేచి, శాసనంలోని పాఠం 646 నాటిది కాదు అన్నాడు. అతని చేతిలో ఉన్న ఆయుధం ఒకే ఒక్క అక్షరం.

ఆ అక్షరం సంగతి తెలుగు మాత్రమే చదివినవారికి చెప్పడం కొంత కష్టం. ఉర్దూ చదివినవారికి సులువు. ఉర్దూలో ఒకే 'జ' ధ్వనికి జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలున్నవి. చూపు అనే అర్థంగల 'నజర్' జోయ్ అక్షరంతో వ్రాస్తారు. ప్రభువుకు సమర్పించే కానుక ఐన 'నజ్ర్' జాల్ అక్షరంతో వ్రాస్తారు. తెలుగు వ్రాతలో రెండూ 'నజరు' ఐపోతాయి, తేడా మాయమవుతుంది. జపాను భాషలో జిల్లాకు 'కోరి' అని పేరు. ఈ 'కోరి'ని రెండు వేర్వేరు చీనా అక్షరాలతో వ్రాయవచ్చును. ఒకదానిని చీనా ధ్వని ననుసరించి 'గున్' అంటారు, రెండవదానిని 'హ్యో' అంటారు. వినేవానికి రెండూ 'కోరి'యే. చూచేవానికి రెండు వేర్వేరు అక్షరాలు.

701లో జపాను ప్రభుత్వం 'తైహో' అనే సమగ్ర ధర్మశాసనాన్ని ప్రకటించినది. అందులో జిల్లా అన్నది 'గున్' అక్షరంతో ఉన్నది. 646 నాటిదిగా చెప్పబడిన తైకా శాసనంలో కూడా 'గున్' అక్షరమే ఉన్నది. ఇందులో వింత ఏమున్నది అని అడుగవచ్చును. వింత గ్రంథంలో లేదు, గ్రంథం వెలుపల ఉన్నది. ఇనౌయెగారు 701కి పూర్వపు వ్రాతలను, అనగా రాజాస్థానపు పండితుల సవరణ చేతికి చిక్కని వ్రాతలను వెదకినారు. తూర్పున, నేటి తోచిగి ప్రాంతంలో ఒక శిలాశాసనం ఉన్నది. 1676లో వెలుగులోకి రాగా టొకుగావా మిత్సుకుని ప్రభువు దానికి ఆలయం కట్టించి కాపాడినాడు. నాసు ప్రాంతపు అధిపతి ఒకనికి 689లో 'కోరి' అధికార పదవి దక్కినదనీ, అతడు 700లో మరణించినాడనీ ఆ రాయి చెబుతున్నది. అందులో ఉన్న అక్షరం 'హ్యో'. ఇక క్యోటోలోని మ్యోషిన్‌జీ ఆలయంలో ఒక కంచు గంట ఉన్నది. దాని లోపలివైపున పోతపోసిన అక్షరాల ప్రకారం 698లో, పశ్చిమాన క్యూషూ ద్వీపంలోని కసుయా 'కోరి' అధిపతి దానిని చేయించినాడు. అక్కడ కూడా అక్షరం 'హ్యో'. ఒకటి దేశానికి తూర్పు కొస, మరొకటి పడమటి కొస. ఆ శిల్పి, ఈ కమ్మరి ఒకరినొకరు ఎరుగరు. ఇద్దరూ కూడబలుక్కొని ఒకే అక్షరం వాడినారని అనడానికి వీలులేదు.

కనుక వాదం ఈ విధంగా నిలిచినది: 701కి ముందు జిల్లాను 'హ్యో' అక్షరంతో వ్రాసేవారు, తైహో ధర్మశాసనంతో 'గున్' వచ్చినది, 646 నాటి శాసనంలో 'గున్' కనిపిస్తున్నది కనుక మన చేతిలో ఉన్న పాఠం 701 తరువాత తిరగవ్రాసినది. దీనికి బలం చేకూర్చే మరొక సంగతి పొలం కొలతలది. ముప్పది అడుగుల నడక పొడవు, పన్నెండు అడుగుల నడక వెడల్పు ఒక 'తన్', పది 'తన్'లు ఒక 'చో' అని తైకా శాసనంలో ఉన్న వాక్యం తరువాతి ధర్మశాసనపు వాక్యంతో మాటకు మాట సరిపోతుంది.

ఇక్కడనే మన విద్యార్థి ఐతే కలం క్రింద పెట్టి వ్యాసం ముగిసినదనుకొంటాడు. నిజానికి వాదం ఇక్కడ మొదలవుతుంది. గురువుగారి పక్షం ఊరకుండలేదు. ఒక రాయి, ఒక గంట, కొన్ని వంశావళులు ఇవే కదా సాక్ష్యాలు? జనవ్యవహారంలో 'హ్యో', రాజపత్రాలలో 'గున్' ఏకకాలంలో నడిచి ఉండరాదా? ఇంకొక బలమైన ఆక్షేపణ కూడా ఉన్నది. మా దృష్టిలో ఇది అన్నింటిలో అందమైనది. తైకా శాసనం ప్రకారం నలుబది గ్రామాలు గలది పెద్ద జిల్లా. నాలుగు మొదలు ముప్పది వరకు గలది మధ్యమ జిల్లా. మూడు గ్రామాలది చిన్న జిల్లా. మూడే తరగతులు. తరువాతి ధర్మశాసనంలో ఐదు తరగతులు. పదహారు మొదలు ఇరువది గ్రామాలుంటేనే పెద్ద జిల్లా. గ్రంథకర్తలు 701 నాటి ధర్మశాసనాన్ని చూచి వెనుకకు నకలు వ్రాసినవారైతే ఈ అంకెలను ఎందుకు మార్చినారు? నకలు వ్రాసేవాడు అంకెలను కల్పించడు. కనుక వారి ఎదుట ఏదో పాత పత్రం ఉండి ఉండాలి.

ఈ ఆక్షేపణను ఇనౌయెగారు తోసివేయలేదు. వాదపు హద్దును అది సరిచేసినది. "శాసనం మొత్తం కల్పితం" అన్న మాటకు, "శాసనపు పదజాలం తరువాతి కాలానిది, లోపల పాత పత్రపు అవశేషం ఉండవచ్చును" అన్న మాటకు ఎంతో తేడా ఉన్నది. రెండవది మొదటిదానికంటె వినడానికి బలహీనంగా ఉంటుంది. ఐనా అదే దృఢమైనది. ఆయన పట్టుకొన్నది దానినే.

ఈ వాదవివాదం పదునారేండ్లు కాగితంపైననే నడిచినది. గ్రంథాలలో ఉన్న సాక్ష్యమంతా ఇరుపక్షాల వారూ చదివి ఉన్నారు. ఇక తీర్పు గ్రంథాల నుండి రాదు. అది బురదలో నుండి వచ్చినది.

694 నుండి 710 వరకు జపాను రాజధాని నారా సమీపంలోని ఫుజివారా. 1960లలో అక్కడ ఒక రహదారి వేయబోతూ ముందుగా పురావస్తువుల కొరకు త్రవ్వకాలు జరిపినారు. పాత కాలువలలో, గోతులలో సన్నని చెక్కబద్దలు దొరికినవి. వీటిని 'మోక్కాన్' అంటారు. కాగితం ప్రియమైన ఆ రోజులలో గుమాస్తాలు చెక్కబద్దలపై సిరాతో వ్రాసేవారు. పన్నుగా వచ్చిన ఉప్పు, చేప, బియ్యం మూటలకు ఊరూ పేరూ వ్రాసి ఇవే కట్టేవారు. పని తీరిన తరువాత కత్తితో పైపొర చెక్కి మళ్లీ వాడేవారు. పనికిరానివాటిని గోతిలో పారవేసేవారు. నీరు ఊరే నేలలో గాలి తగలక అవి పన్నెండు వందల ఏండ్లు చెడకుండా నిలిచినవి. (ఎండకు, చెదలకు ఆలవాలమైన మన నేలలో కొయ్య అంతకాలం నిలవదు, మన పూర్వులు రాతిని, రాగిరేకును నమ్ముకొన్నది మేలే ఐనది.)

1967లో ఆ బద్దలలో ఒకటి చదివినారు. అరువదేండ్ల చక్రంలోని సంవత్సరనామం, పదవ నెల, కజుసా రాష్ట్రం, అవా 'కోరి', మత్సు గ్రామం అని దానిపై ఉన్నది. చక్రంలోని సంవత్సరం కనుక అది 639 కావచ్చును, 699 కావచ్చును, 759 కావచ్చును. ఐతే ఫుజివారా రాజధానిగా ఉన్నది 694 నుండి 710 వరకే కనుక 699 అని తేలినది. తైహో ధర్మశాసనానికి సరిగా రెండేండ్ల ముందు. బద్దపై ఉన్న అక్షరం 'హ్యో'. ఒక్క బద్దతో ఆగలేదు. 701కి ముందువన్నీ 'హ్యో', తరువాతివన్నీ 'గున్'. గీత గీసినట్లు విడిపోయినవి. ఇవి పల్లెవాసుల వ్యవహారం కాదు, రాజధానికి చేరిన పన్నుల చీట్లు. కనుక 'రాజపత్రాలలో గున్' అన్న ఆక్షేపణకు ఇక తావు లేదు. చరిత్రకారుల పోరులో ఏ పక్షమూ ఎరుగని, ఎవరిని మెప్పించాలనీ లేని ఒక గుమాస్తా చేతివ్రాత తీర్పు చెప్పినది.

ఇనౌయెగారు తరువాత సకురాలో నెలకొల్పిన జాతీయ చరిత్ర ప్రదర్శనశాలకు మొదటి అధిపతి ఐనారు. 1983 ఫిబ్రవరిలో, దాని తలుపులు ప్రజలకు తెరుచుకొనడానికి కొద్ది దినాల ముందు, కాలధర్మం చెందినారు.

ఇంతటితో 'నిహోన్ షోకి' ఓడినది, త్రవ్వుగొడ్డలి గెలిచినది అనుకొనరాదు. ఇనౌయెగారి వాదాన్ని పట్టుకొని ఆయనకంటె ముందుకు పోయినవారు, తైకా సంస్కరణే జరుగలేదు, అదంతా ఎనిమిదవ శతాబ్దపు కల్పన అన్నారు. 1960ల చివర, 1970లలో ఈ మాటకు చాలా బలం వచ్చినది. పిమ్మట 2002లో అసుకా ప్రాంతంలోని ఇషిగామి త్రవ్వకాలలో మరొక బద్ద బయటపడినది. అది 665 నాటిది. దానిపై మినో రాష్ట్రం, దాని లోపల ఒక 'కోరి', దాని లోపల 'యాబది ఇండ్లు' అనే గ్రామ విభాగం వరుసగా ఉన్నవి. 'కోరి' అక్షరం 'హ్యో'యే. 'గ్రామం' అనే అక్షరానికి బదులు 'యాబది ఇండ్లు' అని ఉన్నది. పదాలు తైకా శాసనంలోనివి కావు. కాని యాబది ఇండ్లకు ఒక గ్రామం, గ్రామాలు కలిసి జిల్లా, జిల్లాలు కలిసి రాష్ట్రం అనే ఏర్పాటు తైకా శాసనం చెప్పినదే. శాసనపు తేదీకి ఇరువది ఏండ్లు నిండకముందే అది నడుస్తున్నది. పేరు తరువాతిది, వస్తువు ముందుది. గురువు, శిష్యుడు ఇద్దరూ కాలం చేసిన తరువాత ఒక చెక్కముక్క ఇద్దరికీ కొంత కొంత న్యాయం చేసినది. 1951లో హద్దు తెలిసి మాట్లాడినవాని వాదం 2002లో కూడా చెక్కుచెదరలేదు. హద్దు మీరినవారి వాదం కుంటుపడినది.

కొత్త సాక్ష్యం దొరకితేనే కొత్త వాదమా, పాత గ్రంథం నుండి ఏమీ పుట్టదా అని విద్యార్థులు నిరుత్సాహపడవలసిన పని లేదు. మోరి హిరోమిచి అనే భాషాశాస్త్రజ్ఞుడు 1999లో ప్రచురించిన గ్రంథం ఇందుకు సాక్షి. ఆయన నేలను త్రవ్వలేదు. అందరి ఎదుట పన్నెండు శతాబ్దులుగా ఉన్న 'నిహోన్ షోకి'నే చదివినారు. ఐతే ఏమి చెబుతున్నది అని కాక, ఏ తప్పులు చేస్తున్నది అని చదివినారు. ముప్పది సంపుటాలలో ఒక వర్గం చీనా వ్యాకరణానికి లోబడి, నాటి చీనా ఉచ్చారణకు సరిపోయే అక్షరాలతో ఉన్నది. మరొక వర్గంలో జపానువాని నాలుక తొంగిచూస్తుంది. మాటల వరుస తప్పుతుంది, అక్షరాల ధ్వనులు జపాను చెవికి వినిపించినట్లు ఉంటాయి. మొదటి వర్గం చీనా మాతృభాషగా గలవారు, రెండవది జపానువారు వ్రాసినారని ఆయన నిర్ణయం. ఈ పద్ధతి మన కళాశాల వరండాలో నిలబడిన వానికి వెంటనే బోధపడుతుంది. తెలుగింటి పిల్లవాడు ఉర్దూ వ్రాస్తే స్త్రీలింగ పుంలింగాలు తారుమారవుతాయి. ఉర్దూ ఇంటి పిల్లవాడు తెలుగు వ్రాస్తే ఏకవచన బహువచనాలలోనో, 'ళ' కారంలోనో చిక్కుపడతాడు. పేరు కనిపించకుండా కాగితం మడిచి ఇచ్చినా ఉపాధ్యాయుడు చెప్పగలడు. తప్పు కూడా ఒక సంతకమే. రెండు భాషల మధ్య పెరిగిన మన విద్యార్థులకు ఇది పుట్టుకతో వచ్చిన పరిశోధనా పరికరం. దానిని లోపంగా ఎంచి సిగ్గుపడేవారే ఎక్కువ.

జపాను భాష రాకుండా మనం ఇందులో ఏమి చేయగలము అన్న ప్రశ్న న్యాయమైనదే. 'కోజికి'ని చేంబర్లేన్ 1882లోనూ, 'నిహోన్ షోకి'ని ఆస్టన్ 1896లోనూ ఆంగ్లంలోకి తెచ్చినారు. (చేంబర్లేన్ పండితుడు తన కాలపు మర్యాదకు వెరచి, శృంగార ఘట్టాలను ఆంగ్లానికి బదులు లాటిన్‌లో అనువదించినాడు!) ఇవి చదవదగినవే. కథలను పోల్చడానికి, ఒక సంఘటన రెండు గ్రంథాలలో ఎట్లా వేరైనదో చూడడానికి చాలును. కాని పైన చెప్పిన వాదం ఏ అనువాదం నుండీ పుట్టి ఉండేది కాదు. గంటపై ఉన్న 'హ్యో', గ్రంథంలో ఉన్న 'గున్' రెండూ ఆంగ్లంలో 'జిల్లా' అనే ఒకే మాట ఐపోతాయి. అనువాదకుని తప్పు ఇందులో ఏమీ లేదు. అర్థాన్ని ఆయన సరిగానే తెచ్చినాడు. ఈ వాదం అర్థంలో లేదు, అక్షరంలో ఉన్నది. మూలభాషలను నేర్పే తరగతులకు విద్యార్థులు పదిమందైనా లేరని మూసివేయాలన్న మాట ఏ కళాశాలలోనైనా వచ్చినప్పుడు కార్యవర్గం వారు ఈ సంగతిని ఒకమారు తలచుకొనవలెనని మనవి. ఫారసీ తరగతికైనా ఇది వర్తిస్తుంది, సంస్కృతం తరగతికైనా వర్తిస్తుంది.

చివరిగా, ఇంకా తేలని ఒక ప్రశ్నను ఉత్సాహవంతులైన విద్యార్థులకు వదలుతాము. 'నిహోన్ షోకి' గ్రంథకర్తలు పాత 'హ్యో' అక్షరాన్ని తమ దేశపు జిల్లాలకు ఎక్కడా నిలుపలేదు. అన్నిటినీ 'గున్'గా మార్చినారు. వారికి పాత అక్షరం తెలియదా? తెలుసును. కేయ్‌తాయ్ చక్రవర్తి కాలపు సంపుటంలో, 530వ సంవత్సరం క్రింద, కొరియా దేశపు ఒక స్థలనామం వస్తుంది. ఆ పేరులో 'హ్యో' అక్షరం ఉన్నది. దాని ప్రక్కన చిన్న అక్షరాలతో, దీనిని 'కొహోరి' అని కూడా పలుకుతారని అర్థం వచ్చే విధంగా, గ్రంథకర్తలే ఉచ్చారణ వ్రాసి పెట్టినారు. 'కొహోరి' అనగా 'కోరి'యే. పొరుగు దేశపు పేరులో ఆ అక్షరాన్ని ఉన్నది ఉన్నట్లు ఉంచినారు. తమ దేశంలో మాత్రం తుడిచివేసినారు. తమ పాలనా పద్ధతి కొరియా నుండి వచ్చినదన్న జాడను దాచదలచినారా? లేక కొత్త ధర్మశాసనానికి అలవాటుపడిన గుమాస్తా చేయి పాత మాటను చూడగానే తలవనితలంపుగా కొత్త మాటగా మార్చివేసినదా? దాచదలచినవారైతే ఆ ఒక్కచోట ఎందుకు వదలినారు? అలవాటు ప్రకారం మార్చినవారైతే ముప్పది సంపుటాలలో ఒక్కచోటనైనా ఎందుకు మరచిపోలేదు?